హోటలు చేప శాండ్విచ్ – మన ఉద్దానం వంటింట్లో

వేసవి సెలవులు ఇచ్చారంటే పలాస స్టేషనులో రైలు దిగే మన పిల్లల సంఖ్య పెరుగుతుంది. విశాఖలో చదువుకునేవారు, హైదరాబాదులో ఉద్యోగం చేసేవారు, చెన్నైలో పనికి పోయినవారు, అందరూ ఈ రెండు నెలల్లోనే ఒకసారి ఇల్లు చూసి పోతారు. వారి రాకకోసం అమ్మలు ఆవకాయ కలిపి ఉంచుతారు, పనసపొట్టు కొట్టి ఉంచుతారు. అయితే ఈమధ్య వచ్చే పిల్లలు ఇంకొకటి కూడా అడుగుతున్నారు. పట్నంలో బీచి రోడ్డు పక్క హోటల్లో తిన్న చేప శాండ్విచ్ కావాలంటారు. కరకరలాడే చేప ముక్క, మెత్తని బన్ను, మధ్యలో తెల్లని సాసు. "అలాంటిది ఇక్కడ దొరకదు గదా" అని వారే నిట్టూర్చి, సాయంత్రానికి బండి తీసుకొని కాశీబుగ్గ వైపో టెక్కలి వైపో వెళ్లిపోతారు.

దొరకదన్న మాట నిజం కాదు. ఆ శాండ్విచ్‌లో ఉండవలసిన మంచి వస్తువులలో బన్ను తప్ప మిగిలినవన్నీ మన ఉద్దానంలోనే ఉన్నాయి. చేప మన సముద్రంలో ఉంది. సాసుకు కావలసిన జీడిపప్పు పలాసలో ఉంది. పుల్లదనానికి పచ్చిమామిడి పెరట్లో ఉంది. బన్ను బేకరీలో ఉంది. కావలసిందల్లా కొంచెం పద్ధతి, కొంచెం జాగ్రత్త. ఇది ఎండాకాలం కాబట్టి జాగ్రత్తే ముందు. పైగా మనది కిడ్నీ జబ్బు అనేక ఇళ్లను తాకిన ప్రాంతం కాబట్టి ఉప్పు విషయం ఇంకా ముందు. ఈ రెండింటినీ మనసులో పెట్టుకొని ఈ వంటను నేర్చుకుందాం.

పేదవాని తిండే హోటలు తిండి

రొట్టె, చేప కలిపి తినడం పట్నపు హోటళ్లు కనిపెట్టినది కాదు. గలిలయ సముద్రపు ఒడ్డున అది సామాన్యుల రోజువారీ భోజనం. అయిదు రొట్టెలు, రెండు చేపల సంగతి నాలుగు సువార్తలలోనూ ఉన్నది. అవి యవల రొట్టెలని యోహాను ఒక్కడే చెప్పాడు. యవలు బీదల ధాన్యం. ఆ చేపలకు యోహాను వాడిన గ్రీకు మాట ఒప్సారియోన్. రొట్టెలో నంజుకోవడానికి వండినదో, నిలవ చేసినదో అయిన చిన్న చేప అని దాని భావం. ఆ సముద్రపు ఒడ్డునే ఉన్న మగ్దల ఊరికి గ్రీకులో తరికేయ అనే పేరుండేది. ఉప్పు చేపల ఊరు అన్నమాట. మన భావనపాడులోనో బారువలోనో ఇసుకమీద నెత్తళ్లు ఎండబెట్టే తల్లి ఆ ఊరికి వెళితే ఆమెకు ఏమీ కొత్తగా ఉండేది కాదు.

శాండ్విచ్ అనే పేరు మాత్రం ఇంగ్లాండుది. శాండ్విచ్ అనే ఊరి పేరు మీద బిరుదు పొందిన ప్రభువు జాన్ మాంటేగు. ఆయన బిరుదే ఈ తిండికి పేరయింది. 1762 నవంబరులో చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ తన దినచర్య పుస్తకంలో ఈ మాట రాసుకున్నాడు. రాతలో దొరికే మొదటి ఆధారాలలో అది ఒకటి.

మన జిల్లాకు ఇంకొక సంబంధం కూడా ఉన్నది. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాలలో పనిచేసిన కెనడియన్ బాప్టిస్టు మిషనరీలలో చాలామంది నోవా స్కోషియా, న్యూ బ్రున్స్‌విక్ అనే తూర్పుతీరపు రాష్ట్రాల నుండి వచ్చినవారు. అదీ జాలరుల సీమే. అక్కడ వేసవి వచ్చిందంటే లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రపు రొయ్య మాంసాన్ని ఉడికించి, పొడవాటి బన్నులో పెట్టి తింటారు. ఇప్పుడు అది ఖరీదైన హోటలు తిండి. కానీ ఒకప్పుడు అక్కడ అది పేదవాని తిండి. బడికి లాబ్‌స్టర్ రొట్టె తెచ్చుకున్న పిల్లలు సిగ్గుతో దానిని దాచుకొని తినేవారని అక్కడి పెద్దలు ఈనాటికీ చెబుతారు.

అమెరికాలో చేప బన్ను పుట్టిన కథ కూడా తెలుసుకోదగినదే. 1962లో సిన్సినాటి పట్టణంలో లూ గ్రోయెన్ అనే ఆయన మెక్డొనాల్డ్స్ దుకాణం నడిపేవాడు. ఆ చుట్టుపక్కల కాథలిక్కులు ఎక్కువ. శ్రమల దినాలలో శుక్రవారం వారు మాంసం ముట్టరు. ఆ రోజున అమ్మకం పడిపోయి దుకాణం దెబ్బతింటున్నది. అందుకని గ్రోయెన్ చేప ముక్క పెట్టిన బన్ను తయారు చేశాడు. కంపెనీ యజమాని రే క్రాక్ తనది పెట్టి చూడమన్నాడు. అది పైనాపిల్ ముక్క పెట్టిన బన్ను. రెండింటినీ ఒకే రోజు అమ్మి చూశారు. చేప బన్నే గెలిచింది. 1965 నాటికి అది దేశమంతటా అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు పట్నపు హోటల్లో మన పిల్లలు తింటున్నది దాని బంధువునే.

గలిలయలో బీదల భోజనం, కెనడాలో బీదల భోజనం, తరువాత హోటళ్లలో విందు. ఇంట్లో ఉంటే నీచు వాసన, హోటల్లో ఉంటే నాగరికత అనుకోవడం మనిషి బలహీనత. తల్లి వండిన చేప కూరను క్యారేజీలో తీసుకుపోవడానికి సిగ్గుపడిన పిల్లవాడే అదే చేపకు పట్నంలో ఎన్నో రెట్లు ఖర్చు పెడుతున్నాడు.

వేసవిలో చేప ఎక్కడిది?

మన తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరబోట్ల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలం కాబట్టి ఈ నిషేధం. పూర్వం ఇది తక్కువ రోజులుండేది. 2015 నుండి 61 రోజులు చేశారు. ఈ రెండు నెలలు వేటకు పోలేని కుటుంబాలకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2025 ఏప్రిల్ 26న మన జిల్లాలోని బుడగట్లపాలెంలోనే కుటుంబానికి 20 వేల రూపాయల చొప్పున ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టారు. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు నిషేధం వర్తించదు. కాబట్టి వేసవిలో చేప తక్కువగా వస్తుంది గాని బొత్తిగా రాకపోదు.

తెప్ప మీద తెచ్చిన చేపను ఒడ్డునే కొనగలిగితే అంతకంటె తాజాది ఏ హోటలుకూ రాదు. బేరం చేసేటప్పుడు ఆ తెప్పవాడికి ఇది కరువు కాలమని గుర్తుంచుకోవడం మన ధర్మం.

శాండ్విచ్‌కు ముళ్లు తక్కువ, కండ ఎక్కువ ఉన్న చేప కావాలి. వంజరం అన్నిటికంటె శ్రేష్ఠం, ఖరీదూ ఎక్కువే. పండుగప్ప, పార చేప కూడా బాగుంటాయి. కానగంత చౌక, రుచి మంచిది, కానీ ముళ్లు ఓపికగా తీయాలి. చెరువు చేపల్లో కొర్రమీను మంచిది. శీలావతి, బొచ్చె వంటి వాటి కండలో సన్నని చీలిక ముళ్లుంటాయి. రొట్టె మధ్యలో ముల్లు కంటికి కనబడదు, చిన్నపిల్లల గొంతులో గుచ్చుకుంటుంది. వాటిని కూరకు ఉంచుకోండి.

సముద్రపు చేప దొరకని రోజున రొయ్య ఉండనే ఉన్నది. వనామీ రొయ్య పెంపకానికి మన దేశంలో 2009లో అనుమతి వచ్చింది. అప్పటి నుండి చెరువు రొయ్య ఏడాది పొడుగునా దొరుకుతోంది. రొయ్యకు ముల్లు బాధ లేదు. వీపుమీది నల్లని దారం మాత్రం తీసివేయాలి. రొయ్యలు పడని వారుంటారు. తింటే దద్దుర్లు, ఆయాసం వచ్చేవారికి ఒక్క ముక్క కూడా పెట్టకండి.

ఇంకొక మాట. చాలా హోటళ్లలో ముల్లు లేకుండా తెల్లగా మెత్తగా వచ్చే చేప బాసా అనే పేరుతో అమ్మే చెరువు జాతి. అది చెడ్డదని కాదు. కానీ సముద్రం పక్కన ఇల్లు పెట్టుకొని, గడ్డకట్టించి తెచ్చిన చెరువు చేప కోసం అంత దూరం పోవడమెందుకు?

ఎండలో చేప – తెలుసుకోవలసిన సంగతులు

చేప కొనేటప్పుడు మన పెద్దలు చూసే గుర్తులే నేటికీ సరైనవి. కన్ను మెరుస్తూ ఉబ్బెత్తుగా ఉండాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే పల్లం పడి ఉండిపోకుండా కండ మళ్లీ పైకి రావాలి. వాసన సముద్రపు వాసనలా ఉండాలి గాని ముక్కు మూసుకునేలా ఉండకూడదు.

కొన్న తరువాత చేసే పొరపాటే ఎక్కువ. సంచిలో చేప వేసుకొని, బజారులో ఇంకా నాలుగు పనులు చూసుకొని, ఎండలో ఇంటికి చేరతాం. ఆ గంటలో చాలా చెడిపోతుంది. కానగంత, వంజరం, సూర వంటి చేపలు వేడిలో ఉండిపోతే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు వస్తాయి. అందరూ తెలుసుకోవలసిన ముఖ్య సంగతి ఏమిటంటే, ఒకసారి తయారైన హిస్టమిన్ ఉడికించినా వేపినా పోదు. "గట్టిగా వేపేస్తే సరిపోతుంది" అనే మాట చెడిన చేప విషయంలో పనికిరాదు.

కాబట్టి మిగతా సరుకులన్నీ కొన్నాక చివరగా చేప కొనండి. వెంట ఒక మూత డబ్బా తీసుకువెళ్లి ఐసు వేయించుకోండి. కిలో చేపకు కిలో ఐసు అనేది మత్స్య నిపుణులు చెప్పే లెక్క. ఇంటికి రాగానే శుభ్రం చేసి, అదే రోజున వండండి. వండిన చేప వంటకం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. మన వేసవిలాగా 32 డిగ్రీలు దాటిన ఎండలో ఒక గంటే గడువు. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో ఫ్రిజ్జును పూర్తిగా నమ్మకండి. ఉన్నవారికి సరిపడా చేసి, వేడిగా తినిపించి, గిన్నె ఖాళీ చేయడమే మంచి పద్ధతి.

కావలసినవి (నలుగురికి)

ముల్లు లేని చేప ముక్కలు – 400 గ్రాములు, వేలి మందంలో కోసినవి.
బన్నులు – 4, లేదా రొట్టె ముక్కలు – 8.
నిమ్మరసం – ఒక పెద్ద చెంచా.
అల్లం వెల్లుల్లి ముద్ద – ఒక చిన్న చెంచా.
మిరియాల పొడి – అర చిన్న చెంచా.
పసుపు – చిటికెడు.
ఉప్పు – అర చిన్న చెంచా, అంతకు మించకుండా.
బియ్యపు పిండి – 2 పెద్ద చెంచాలు.
కోడిగుడ్డు – 1.
ఎండిన రొట్టె పొడి – ఒక కప్పు. లేకుంటే సన్నని బొంబాయి రవ్వ.
నూనె – వేపడానికి.
సన్నగా తరిగిన క్యాబేజీ, చక్రాల్లా కోసిన కీరదోస, ఉల్లిపాయ, తురిమిన పచ్చిమామిడి – తగినంత.

తయారు చేసే విధానం

చేప ముక్కలను కడిగి, శుభ్రమైన గుడ్డతో తడి అద్దేయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గాని హోటలు కరకర రహస్యం సగం ఇందులోనే ఉన్నది. తడి ఉంటే పై పొర ఊడిపోతుంది. తరువాత నిమ్మరసం, అల్లం వెల్లుల్లి, మిరియాలు, పసుపు, ఉప్పు పట్టించి పావుగంట ఉంచండి. ఎక్కువసేపు ఉంచితే నిమ్మ పులుపుకు కండ పిండిలా అవుతుంది. ఎండ ఎక్కువగా ఉంటే ఆ పావుగంట కూడా గిన్నెను ఐసు మీద పెట్టండి.

మూడు పళ్లేలు వరుసగా పెట్టుకోండి. మొదటి దానిలో బియ్యపు పిండి, రెండో దానిలో గిలకొట్టిన గుడ్డు, మూడో దానిలో రొట్టె పొడి. ముక్కను ముందు పిండిలో దొర్లించి, తరువాత గుడ్డులో ముంచి, చివరకు రొట్టె పొడి అద్దండి. పెనంలో ముక్క సగం మునిగేంత నూనె పోసి, బాగా కాగాక వేయండి. ఒక్కో వైపు మూడు నిమిషాలు చాలు. మధ్యలో విరిచి చూస్తే కండ తెల్లగా, పొరలు పొరలుగా విడిపోవాలి. అద్దంలా మెరుస్తూ ఉంటే ఇంకా ఉడకాలన్నమాట. దించిన ముక్కలను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా విడివిడిగా జల్లెడలో పెట్టండి. పేరిస్తే ఆవిరికి మెత్తబడిపోతాయి.

రొయ్యలతో చేసేవారికి ఇంత తతంగం లేదు. ఒలిచిన రొయ్యలకు అవే పట్టించి, కొద్ది నూనెలో రెండు మూడు నిమిషాలు వేపితే చాలు. వంకర తిరిగి, ఎర్రబారగానే దించాలి. ఇంకా ఉంచితే రబ్బరులా అవుతాయి.

బన్నును రెండుగా కోసి, లోపలి వైపు పెనం మీద ఆనించి వేడి చేయండి. తరువాత సాసు రాసి, క్యాబేజీ, కీర పరచి, చేప ముక్క పెట్టి, మీద పచ్చిమామిడి తురుము, ఉల్లిపాయ వేసి మూయండి. పచ్చి కూరగాయలను మంచి నీటితో కడిగి, తడి లేకుండా ఆరనివ్వండి. చేపను కోసిన కత్తి, పీటలను సబ్బుతో కడగకుండా వాటిమీద కూరలు తరగకండి.

తెల్ల సాసు బదులు పలాస జీడిపప్పు

హోటలు శాండ్విచ్‌లో రాసే తెల్లని సాసు పేరు మయొనైజు. నూనెను, పచ్చి గుడ్డు సొనను కలిపి గిలకొట్టి చేస్తారు. గుడ్డు ఉడకదు గనుక దానిలో సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉంటే అలాగే కడుపులోకి పోతుంది. వేడికి అది గంటల్లో పెరుగుతుంది. 2024లో హైదరాబాదులో మోమోలు తిన్న అనేకులు జబ్బుపడి ఒక స్త్రీ చనిపోయిన తరువాత, తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయొనైజును ఆ ఏడాది అక్టోబరు 30 నుండి ఒక సంవత్సరం పాటు నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అలాగే ఏడాదిపాటు నిషేధం పెట్టింది. మన ఎండల్లో ఇంట్లో పచ్చి గుడ్డుతో ఈ సాసు చేసే సాహసం వద్దు.

దానికి బదులు మనకు జీడిపప్పు ఉన్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం జీడి, కొబ్బరి తోటలను నేలకూల్చినప్పుడు ఇక ఈ పంట మన తరంలో కోలుకోదని ఏడ్చినవారున్నారు. అయినా రైతులు మళ్లీ మొక్క నాటారు. వేసవి జీడి కోత కాలం కూడా. పలాసలో పప్పును సైజును బట్టి విడదీస్తారు. 320 నంబరు అంటే ఒక పౌనుకు సుమారు 300 నుండి 320 పప్పులు తూగుతాయని అర్థం. గుండ్రని పెద్ద పప్పుకు ధర ఎక్కువ. బద్దలకు, ముక్కలకు తక్కువ. రుచి ఒక్కటే. సాసుకు ముక్కలే తెచ్చుకోండి.

50 గ్రాముల జీడిపప్పు ముక్కలను వేడి నీళ్లలో గంటసేపు నానబెట్టండి. నీరు వంపేసి, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక పచ్చిమిరపకాయ, గుప్పెడు పుదీనా, రెండు చిన్న చెంచాల నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి మెత్తగా రుబ్బండి. కాచి చల్లార్చిన నీరు నాలుగైదు చెంచాలు పోస్తే వెన్నలా వస్తుంది. తిన్నవారు హోటలు సాసు కంటె ఇదే బాగుందంటారు. దీనిని కూడా అప్పటికప్పుడు చేసుకోవాలి, మరునాటికి దాచకూడదు. జీడిపప్పు పడనివారికి పుదీనా, కొత్తిమీర పచ్చడి రాసి ఇవ్వండి.

నూనె వద్దనుకుంటే చేప పిట్టు

వేపుడు పడనివారికి, ముసలివారికి, పళ్లు లేనివారికి ఇంకొక దారి ఉన్నది. అది మన అమ్మమ్మలకు తెలిసినదే. చేపను పసుపు వేసి పది నిమిషాలు ఆవిరిమీద ఉడికించి, తోలు, ముళ్లు తీసి, వేళ్లతో పొడిలా నలపాలి. ఒక చెంచా నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు వేపి, ఆ పొడి వేసి తడి ఆరేదాకా కలపాలి. దించి నిమ్మరసం పిండితే చేప పిట్టు సిద్ధం. దీనిని రొట్టె ముక్కల మధ్య పెట్టి పెనం మీద రెండు వైపులా కాల్చండి.

సెలవుల్లో జరిగే వి.బి.యస్.కు పిల్లలకు ఈ పిట్టు రొట్టెలే పెట్టిన ఒక ఊరిలో, వడ్డిస్తున్న తల్లి నవ్వుతూ అన్నది: "ఇదేటి అయ్యగారూ, ఇది మన పిట్టే గదా! రొట్టెలో పెట్టి పేరు మార్చినారంతే!" ఆమె మాటలో ఈ వ్యాసమంతా ఉన్నది. ఎక్కువమందికి వండేటప్పుడు వేపుడు ముక్క కంటె పిట్టే మేలు. ముళ్లు చేతికి తగులుతాయి, చేప తక్కువ పడుతుంది, చిన్న చేప కూడా పనికి వస్తుంది. చేసిన గంటలోపే వడ్డించాలన్న నియమం మాత్రం మరువకండి.

ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవారుంటే

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస, కంచిలి మండలాల్లో ఈ మాట చెప్పకుండా ఏ వంట గురించీ రాయకూడదు. ఉద్దానం కిడ్నీ వ్యాధికి కారణం ఇదేనని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, ఊళ్లకు వంశధార నీరు తెచ్చే పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. వైద్యం వైద్యులు చూస్తారు. వంటింట్లో మన వంతు మనం చేయాలి.

మొదటిది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతునికే రోజుకు 5 గ్రాముల కంటె తక్కువ చాలంటుంది. అంటే ఒక చిన్న చెంచా కూడా నిండదు. బేకరీ రొట్టెలోనే ఉప్పు ఉంటుంది. దానిమీద ఉప్పు పట్టించిన చేప, ఉప్పున్న సాసు, పక్కన ఆవకాయ కలిస్తే ఒక్క పూటలోనే లెక్క దాటుతుంది. నౌపడ ఉప్పు మడులు మన కళ్లముందే తెల్లగా మెరుస్తాయి. మన నాలుకా ఉప్పుకు అంతగా అలవాటు పడిపోయింది. నిమ్మ, మిరియం, వెల్లుల్లి, పుదీనా ఉన్నచోట ఉప్పు తగ్గించినా రుచి తగ్గదు.

రెండవది, సోడియం తక్కువ అని చెప్పి అమ్మే ఉప్పు. దానిలో చాలావాటికి పొటాషియం కలుపుతారు. కిడ్నీలు దెబ్బతిన్నవారి ఒంట్లో పొటాషియం పేరుకొని గుండెకే ముప్పు తెస్తుంది. మేలు చేస్తున్నామనుకొని వారికి ఆ ఉప్పు పెట్టకండి.

మూడవది, జీడిపప్పు. ఆరోగ్యవంతులకు అది మంచిదే. కానీ దానిలో ఫాస్ఫరసు, పొటాషియం ఎక్కువ. కాబట్టి కిడ్నీ రోగికి పైన చెప్పిన సాసు వద్దు. గడ్డకట్టించి ప్యాకెట్లలో అమ్మే రొయ్యలకు ఫాస్ఫేటు మందు పట్టించడం వాడుక. అవీ, ఎండు చేపలూ వద్దు.

నాలుగవది, చేప ముక్క ఎంత అన్నది. జబ్బు ఉండి డయాలసిస్ దాకా రానివారికి మాంసకృత్తులు తగ్గించమంటారు. డయాలసిస్ చేయించుకునేవారికి ఎక్కువ తినమంటారు. అందరికీ ఒకే కొలత లేదు. మీ డాక్టరునే అడిగి ఆ మేరకు పెట్టండి.

అయితే ఆ మనిషిని శాండ్విచ్‌కు దూరంగా కూర్చోబెట్టనక్కరలేదు. ఉప్పు పట్టించకముందే వారి ముక్కను పక్కకు తీసి, నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి మాత్రమే రాయండి. పెనం మీద కొద్ది నూనెతో కాల్చండి. బేకరీ రొట్టెకు బదులు ఉప్పు లేకుండా చేసిన బియ్యపు రొట్టెలో క్యాబేజీ, కీర, ఉల్లిపాయతో చుట్టి ఇవ్వండి. చూపుకు అదీ శాండ్విచే. అందరితో కలిసి అదే పళ్లెం, అదే నవ్వు, అదే వేడి.

జబ్బున్న తండ్రికి గంజి, పిల్లలకు విందు అని ఇల్లు రెండుగా చీలిపోవడం మన ఊళ్లలో ఎన్నో ఇళ్లలో చూస్తున్నాం. ఆకలి కంటె ఆ వేరుపాటే అతనిని ఎక్కువ కుంగదీస్తుంది. పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పులమీద చేప కాల్చి, రొట్టెతో సిద్ధంగా ఉంచి, రాత్రంతా వలవేసి అలసిన శిష్యులను పిలిచిన సంగతి యోహాను సువార్త చివరి అధ్యాయంలో చదువుతాం. తప్పిపోయిన పేతురును కూడా ఆ భోజనానికి దూరం పెట్టలేదు.

ఈ వేసవిలో మీ పిల్లలు వచ్చినప్పుడు వంటింటి పని అమ్మమీదే వదలకండి. కొడుకు ఒడ్డుకు వెళ్లి చేప తేవచ్చు. తండ్రి ముళ్లు తీయవచ్చు. కూతురు సాసు రుబ్బవచ్చు. బీచి హోటల్లో చెల్లించే బిల్లులో ఎంత భాగంతో ఇంటిల్లిపాదీ తిన్నారో రాత్రికి పిల్లలచేతనే లెక్క వేయించండి. ఆ మిగులులో కొంత తీసి, వేట లేని ఈ రెండు నెలల్లో మీకు తెలిసిన జాలరి ఇంటికి బియ్యం పంపండి.